నడిచే రావాలి

అక్కకి పక్షవాతం వచ్చిందని బావ ఫోన్ చేసినప్పుడు చెల్లెలు బట్టల ఫ్యాక్టరీలో కాజాల మిషన్ దగ్గర ఉంది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయనీ, మాట ముద్దగా వస్తోందనీ, తను బస్సు డ్యూటీకి వెళ్తే చూసేవాళ్లు లేరనీ ఆయన అడగలేక అడిగాడు. ఆమె వస్తానంది. పెట్టేశాక ఏదో గుర్తొచ్చి మళ్లీ తనే చేసి, మాట తిరిగి వస్తుందన్నారా అని అడిగింది. కష్టపడితే వస్తుందన్నారట. అయితే సరే అనుకుంది.

ఒకప్పుడు ఇద్దరూ బజారు వీధిలో ఒకే కుట్టు షాపు నడిపారు. అక్క కత్తిరించేది, చెల్లెలు కుట్టేది. ఒకసారి ప్లీడరుగారి భార్య ఖరీదైన మఖమలు తెచ్చి పొడుగు కోటు కుట్టమంది. మఖమలు మీద నూగు ఉంటుంది. ముక్కలన్నింటికీ ఆ నూగు ఒకే వైపు వాలేలా కత్తిరించాలి, లేకపోతే ఒకే గుడ్డ రెండు రంగుల్లా కనబడుతుంది. ఆ రోజు ఏ ధ్యాసలో ఉందో, అక్క వెనక ముక్కని తలకిందులుగా కోసేసింది. తప్పు ఒప్పుకుంటే పేరు పోతుంది. ముక్కలన్నీ తీసుకెళ్లి పొయ్యిలో పెట్టింది. ప్లీడరుగారి భార్య వచ్చి గుడ్డేదని నిలదీస్తే, వీధి వీధంతా చూస్తుండగా చెల్లెలి వైపు వేలు చూపించింది.

"దీన్నే అడగండి. అమ్ముకుందో, దాచుకుందో."

సొంత అక్క ఊరికే అంటుందా అన్నారు అందరూ. ఆ తర్వాత చెల్లెలి చేతికి గుడ్డ ఇచ్చిన వాళ్లు లేరు. నడిచి వెళ్తుంటే షాపులవాళ్లు గల్లాపెట్టె మూసుకునేవారు. ఫ్యాక్టరీలో చేరింది కానీ ఆ మంట కడుపులో చల్లారలేదు.

ఇప్పుడు ఆ అక్క మంచం మీద నోటి పక్కనుంచి చొంగ కారుస్తూ పడుకుని ఉంది. చెల్లెలు తలుపు దగ్గరే నిలబడి కాసేపు కళ్లారా చూసింది. తర్వాత చీర కొంగు దోపుకుని పనిలోకి దిగింది.

ఫిజియోథెరపీ ఆయన వచ్చి ఎలా చేయించాలో నేర్పాడు. పడిపోయిన చేతిని పట్టుకుని లాగకూడదు, భుజం జారిపోతుంది. నడిపించేటప్పుడు నడుముకి బెల్టు కట్టి, చచ్చుబడ్డ వైపు నిలబడి బెల్టే పట్టుకోవాలి. మెట్టు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు. చెల్లెలు ఒక్కటీ మర్చిపోలేదు. రోజూ పొద్దున్నే వచ్చి, మధ్యాహ్నం తను ఫ్యాక్టరీ డ్యూటీకి వెళ్లేదాకా చేయించేది. బల్ల మీద తువ్వాలు పరిచి, దాని మీద చెయ్యి పెట్టించి ముందుకీ వెనక్కీ తోయించేది. అద్దం ముందు కూర్చోబెట్టి పెదాలు సాగదీయించేది. అక్క ఇక చాలని ఏడిస్తే ముఖం తుడిచి మళ్లీ మొదలుపెట్టేది.

ఇరుగుపొరుగు ముక్కు మీద వేలేసుకున్నారు. అంత మాట పడి కూడా ఎంత చాకిరీ చేస్తోందో, రక్తసంబంధం ఎక్కడికి పోతుంది అన్నారు. చెల్లెలు అవుననీ కాదనీ అనలేదు. అక్కతో మాత్రం దాచలేదు. ఒక రోజు కాలి మడమకి పట్టీ బిగిస్తూ నెమ్మదిగా చెప్పింది.

"ప్రేమతో వచ్చాననుకోకు. నన్ను దొంగని చేసిన చోటే, ఆ నలుగురి ముందే, నిజం చెప్పాలి నువ్వు. కుర్చీలో తోసుకెళ్తే అందరూ నీ మీద జాలిపడతారు. అందుకే నీ కాళ్ల మీద నువ్వు నడిచే రావాలి. అప్పటిదాకా నిన్ను వదలను."

అక్క మర్నాటి నుంచి ఏడుపు మానేసింది. పళ్లు బిగించి లేచేది. పడితే, ఎడమ చెయ్యి నేలకి ఆనించి తనే లేవాలని చూసేది. పౌరుషం ఇద్దరికీ ఒకే తల్లి పాలతో వచ్చింది మరి.

ఎండలు తగ్గేసరికి అక్క కర్ర పట్టుకుని గుమ్మం దాటింది. మాట నత్తిగా, విడివిడిగా వస్తోంది, కానీ అర్థమవుతోంది. ఒక పొద్దున చెల్లెలు ఆమెకి ఇస్త్రీ చీర కట్టి, తల దువ్వి, బజారు వీధికి బయలుదేరదీసింది. ముందే కబురు పంపడంతో ప్లీడరుగారి భార్య వచ్చి గుండీల షాపు ముందు నిలబడింది. చుట్టుపక్కల షాపులవాళ్లు చూద్దామని బయటికొచ్చారు.

"ఆ మఖమలు... నేనే చెడగొట్టాను," అంది అక్క. "నేనే... కాల్చేశాను. ఇది... దొంగ కాదు."

గుండీల షాపాయన జాలిగా తలాడించాడు. జబ్బు చేశాక మతి కూడా కాస్త అటూ ఇటూ అయినట్టుందని పక్కవాడితో అన్నాడు. ప్లీడరుగారి భార్య అక్క భుజం తట్టి, చెల్లెలి వైపు తిరిగి, ఇంత సేవ చేశావు, ఎప్పటి సంగతో ఇప్పుడెందుకమ్మా, మేము మర్చిపోయాం అంది.

చెల్లెలి ఇన్నాళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరైంది. మాట తెప్పించింది కానీ, దానికి విలువ ఎక్కడినుంచి తెస్తుంది?

అక్క ముఖం మాత్రం ఎర్రబడింది. తనని పిచ్చిదాన్ని చేయడం ఆమె తట్టుకోలేకపోయింది. కర్ర చంకలో ఇరికించుకుని, ప్లీడరుగారి భార్య పైట కొసని ఎడమ చేత్తో పట్టుకుంది.

"నాకు మతి... బాగానే ఉంది. నీలం మఖమలు. ముందు ముక్కలకి నూగు... కిందికి. వెనక ముక్కకి... పైకి. తలకిందులు చేశాను. నా కత్తెరే. అప్పుడు ఇది... ఇంకా మిషన్ దగ్గరికే రాలేదు."

ఆ వీధిలో గుడ్డ తెలిసినవాళ్లే అందరూ. మతి చెడిన మనిషి చెప్పే మాట కాదది. ప్లీడరుగారి భార్య పైట లాక్కుని, అక్కని పైనుంచి కిందికి చూసింది. చూసి, ముఖం తిప్పుకుంది. ఒకప్పుడు అందరూ చెల్లెలిని చూసిన చూపే అది. చెల్లెలు దాన్ని తీరిగ్గా, తనివితీరా చూసింది.

తిరిగి వచ్చేటప్పుడు అక్క కాళ్లు వణికాయి. ఆటో పిలవమంది. చెల్లెలు పిలవలేదు. బెల్టు గట్టిగా పట్టుకుని ఇంటిదాకా నడిపించింది.

సాయంత్రం బావతో రేపటినుంచి రానని చెప్పేసింది. చెయ్యి ఇంకా రాలేదు కదమ్మా, ఇప్పుడు వదిలేస్తే ఎలా అని ఆయన బతిమాలాడు.

"నాకు కావలసింది మాటే బావా. అది వచ్చేసింది."

అక్క మంచం మీదనుంచే, పోనివ్వండి అంది.

కొన్నాళ్లకి చెల్లెలు ఫ్యాక్టరీ మానేసి బజారు వీధిలోనే మిషన్ పెట్టుకుంది. మొదటి గుడ్డ గుండీల షాపాయనే తల దించుకుని ఇచ్చాడు. అక్క అప్పుడప్పుడు కర్ర పట్టుకుని అటుగా నడుస్తుంది. ఇద్దరూ పలకరించుకోరు. కుడి కాలు ఇంకా ఈడుస్తోందనీ, మోకాలు కాస్త పైకెత్తితే సరిపోతుందనీ చెల్లెలికి తెలుసు. తెలిసీ చెప్పదు.