ఫెయిలయ్యగారి పరీక్ష

పదవీ విరమణ రోజున ఆఫీసువాళ్ళు పెట్టిన చిన్న సభలో ఆయన రెండే మాటలు మాట్లాడాడు. "ముప్పై ఒక్క ఏళ్ళు చేశాను. ఇక చాలు." ఇంటికొచ్చాక భార్య దగ్గర ఇంకో మాట కలిపాడు. "రేపట్నుంచి ఆ ఆఫీసు నాకు గుర్తొస్తే ఒట్టు."

ఆయన ఉద్యోగం డ్రైవింగ్ పరీక్షలు పెట్టడం. లైసెన్సు కోసం వచ్చినవాళ్ళ పక్క సీట్లో, ఒళ్ళో అట్ట పెట్టుకుని కూర్చుని, వాళ్ళు చేసే తప్పులు గళ్ళలో గుర్తు పెట్టేవాడు. పదిమంది వస్తే అందులో ఏడుగురు మళ్ళీ రావాల్సి వచ్చేది. అందుకే ఊళ్ళో ఆయన అసలు పేరు చాలామందికి తెలియదు. ఫెయిలయ్య అంటేనే తెలుస్తుంది. ఎవరూ మొహం మీద అనేవాళ్ళు కాదు గానీ, ఆ పేరు ఆయన చెవిన పడకా పోలేదు. లోలోపల కాస్త ముచ్చటపడేవాడని భార్య అనుమానం.

ఆవిడ పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే విభాగంలో పనిచేసి, ఆయనకంటే రెండేళ్ళు ముందే రిటైరయింది. రిటైరైన మర్నాడే అలారం గడియారాన్ని పక్కింటి పిల్లలకి విప్పి ఆడుకోమని ఇచ్చేసింది. తొమ్మిదింటికి లేచేది. పది దాకా కిటికీ దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చునేది. "పోస్టాఫీసు గుర్తుకు రాదా?" అని ఎవరైనా అడిగితే, "నాకేమైనా ఉత్తరం వస్తే చదువుకుంటా. అంతే" అనేది. ఆవిడకి తీరని సరదా ఒకే ఒకటి, డ్రైవింగ్. పరీక్ష పెట్టేది ఎవరో తెలుసు గనుక ఇన్నాళ్ళూ ఆ జోలికి పోలేదు.

మొదటి వారం ఫెయిలయ్య బాగానే ఉన్నాడు. రెండో వారంలో ఆవిడ పొయ్యి మీంచి గిన్నె దింపి ఇటు తిరగబోతుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"తిరిగేముందు భుజం మీదుగా చూసుకోవాలి."

"నేనేమైనా లారీనా?" అంది ఆవిడ.

"లారీ అయితే హారన్ అయినా కొట్టేది."

ఆ తర్వాత ఇల్లంతా పరీక్షాకేంద్రం అయిపోయింది. కుర్చీ వెనక్కి జరిపితే "రివర్స్‌లో అంత స్పీడు పనికిరాదు" అనేవాడు. ఎదురింటి కోడలు చంటిపిల్ల బండి తోసుకుంటూ వీధి మలుపు తిరిగితే, బాల్కనీలోంచి చూసి పేపరు అంచు మీద పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టేవాడు.

"మీకు ఆఫీసు మీద బెంగ పట్టుకుంది" అంది భార్య.

"నాకా? బెంగా? ఊరికే కాలక్షేపం."

నాలుగో వారం నుంచి కాలక్షేపం మారింది. ఉదయం తొమ్మిదిన్నరకల్లా ఇస్త్రీ చొక్కా, నెత్తిమీద టోపీ, నల్లకళ్ళద్దాలు తగిలించుకుని "అలా నడిచొస్తా" అని బయల్దేరేవాడు. పదకొండింటికి తిరిగొచ్చేవాడు. ముప్పై ఏళ్ళు ఉత్తరాల మీద గజిబిజి అడ్రసులు పోల్చుకున్న మనిషికి తేడా పట్టుకోవడం ఎంతసేపు? ఆవిడ ఆయన బూట్లు తిప్పి చూసింది. గంటన్నర నడిచిన బూట్ల మీద ఇసుమంత దుమ్ము లేదు.

మర్నాడు ఆవిడ ఎనిమిదింటికే లేచింది. అదే పెద్ద విశేషం. ఆయన గుమ్మం దాటగానే సంచి ఒకటి పట్టుకుని వెనకాల బయల్దేరింది. ఆయన రెండు వీధులు నడిచి, మందుల షాపు పక్క సందులోకి తిరిగాడు. అక్కడ రెండు నెలల కిందట కొత్తగా తెరిచిన డ్రైవింగ్ స్కూలు ఉంది. ముందు ఒక తెల్లకారు, దాని నెత్తిన ఎర్రటి 'ఎల్' బోర్డు. ఫెయిలయ్య అటూ ఇటూ చూసి, డ్రైవర్ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. కారు ఒకసారి ఎగిరింది. ఆగింది. మళ్ళీ ఎగిరింది. అలా కప్పలా గెంతుకుంటూ మలుపు తిరిగి పోయింది.

ఆవిడ మందుల షాపు గోడకి ఆనుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. షాపతను బయటికొచ్చి "ఏమైందమ్మా, నీళ్ళు కావాలా?" అని కూడా అడిగాడు.

సంగతేమిటంటే, ఫెయిలయ్య సొంత లైసెన్సు గడువు తీరిపోయి చాలా ఏళ్ళయింది. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఆఫీసుకి బస్సులోనే వెళ్ళేవాడు, కారు నడిపిందే లేదు. అంత గడువు మీరితే మళ్ళీ పరీక్షకి కూర్చోవాల్సిందేనని నిబంధన. ఆ నిబంధన చూపించి ఎంతమందిని వెనక్కి పంపాడో ఆయనకే లెక్కలేదు. ఇప్పుడు అదే సాకు చేసుకుని కారు వాసన పీల్చడానికి వెళ్తున్నాడు.

మర్నాడు ఆయన వచ్చిన పది నిమిషాలకి, "లైబ్రరీకి వెళ్ళొస్తా" అని చెప్పి వెళ్ళి అదే స్కూల్లో చేరింది.

స్కూలు నడిపేది ముప్పై ఐదేళ్ళ మనిషి, గలగలా మాట్లాడుతుంది. ఊరికి కొత్త. పెద్దవాళ్ళందరికీ వరసలు కలిపేస్తుంది. మొదటిరోజే ఆవిణ్ణి పిన్నీ అని పిలిచింది.

"కంగారు పడకండి పిన్నీ. మీరే నయం. మీ ముందు టైములో ఒక బాబాయ్ వస్తాడు. అబ్బ, ఏం మనిషో! క్లచ్ వదలడం రాదు గానీ నా తప్పులు మాత్రం వరసపెట్టి చెప్తాడు. నిన్న నేను అద్దం చూసుకోలేదట. నేను పక్క సీట్లో ఉన్నానండీ బాబూ!"

"పాపం, ఏం చేసేవాడట?" అంది ఆవిడ అమాయకంగా.

"గుమాస్తాగా చేశానంటాడు. నాకైతే నమ్మకం లేదు. ఇంకో వింత చెప్పనా? కుక్క కనపడితే బ్రేకు, సైకిలు కనపడితే బ్రేకు, ఎక్కడో అర కిలోమీటరు అవతల బస్సు కనపడినా బ్రేకే."

ఆవిడకి అర్థమైంది. ముప్పై ఒక్క ఏళ్ళు పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకుని తొక్కిన కాలు అది. ఇప్పుడు నిజం బ్రేకు దొరికేసరికి ఊరుకుంటుందా?

ఇద్దరూ ఐదు వారాలు అలాగే నడిపించారు. ఆయన నడకకి, ఆవిడ లైబ్రరీకి. ఒకరోజు భోజనాల దగ్గర ఆవిడ పళ్ళెం పట్టుకుని లేస్తూ, అలవాటుగా కుడి భుజం మీదుగా, ఎడమ భుజం మీదుగా చూసి అప్పుడు తిరిగింది. ఫెయిలయ్య మొహం వెలిగిపోయింది.

"చూశావా! నా మాట చెవికెక్కడానికి ఇన్నాళ్ళు పట్టింది."

"అవునండీ, ఏం చేస్తాం, మట్టిబుర్ర" అంది ఆవిడ, నవ్వు గొంతులోనే నొక్కుకుంటూ.

పరీక్ష రోజు వచ్చింది. ఫెయిలయ్య టోపీని కళ్ళమీదికి లాక్కుని, తను ముప్పై ఒక్క ఏళ్ళు ఏలిన మైదానంలోకి దొంగలా అడుగుపెట్టాడు. వరసలో ఆరోవాడు. కారులో కూర్చుని చూస్తే పక్క సీట్లో తన శిష్యుడే. పదేళ్ళు తన దగ్గర పని నేర్చుకుని, తన కుర్చీలోకి వచ్చిన ఇన్‌స్పెక్టరు. శిష్యుడు ఆ టోపీ కిందికి వంగి చూసి, ఆయన్ని పోల్చుకున్నాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు అట్ట సర్దుకున్నాడు.

"బయల్దేరండి."

బయల్దేరారు. మొదటి మలుపులోనే ఎండుటాకు ఒకటి కారు ముందు ఎగిరింది. ఫెయిలయ్య కాలు దబ్బున బ్రేకు మీద పడింది. శిష్యుడు అద్దానికి కొట్టుకోబోయి తమాయించుకున్నాడు. మెల్లగా కాగితం మీద చిన్న గుర్తు పెట్టాడు.

ఫెయిలయ్య ఓరకంట చూశాడు.

"అదేమిటి?"

"ఏది సార్?"

"చిన్న తప్పు గడిలో వేశావేం? కారణం లేకుండా బ్రేకు వేస్తే పెద్ద తప్పు. వెనక బండి ఉంటే ఏమయ్యేది?"

"వెనక ఎవరూ లేరు కదా సార్..."

"లేరని నేను చూసుకున్నానా? చూసుకోలేదు. అదింకో తప్పు. వెయ్యి."

శిష్యుడు వేశాడు. రివర్స్ దగ్గర చక్రం తెల్లగీత తాకీ తాకనట్టు తాకింది. శిష్యుడు కిటికీలోంచి ఆకాశం చూస్తున్నట్టు నటించాడు.

"తాకింది" అన్నాడు ఫెయిలయ్య.

"నాకు కనపడలేదు సార్."

"నీకు పదేళ్ళు నేర్పింది ఇదేనా? దిగి చూడు."

శిష్యుడు దిగి చూసొచ్చి, చేతులు జోడించినంత పని చేశాడు. "సార్, మీ పుణ్యముంటుంది, కాస్త ఊరుకోండి. ఇలాగైతే మీరు ఫెయిలవుతారు."

"అవుతాను మరి! ఇలా నడిపినవాడికి లైసెన్సిస్తే నీ ఉద్యోగం పీకించేవాణ్ణి" అన్నాడు ఫెయిలయ్య. కాగితం లాక్కుని, తప్పులు ఒకటికి రెండుసార్లు సరిచూసి, మొత్తం పద్దెనిమిది అని తేల్చి, కింద అడ్డంగా గీత గీసి తిరిగిచ్చాడు. ఆయన చేతిలో పెన్ను అంత సాఫీగా కదిలి రెండు నెలలు దాటింది.

కారు దిగేసరికి ఆయన చెంపలు ఎర్రబడి ఉన్నాయి. కళ్ళు మెరుస్తున్నాయి. ఫెయిలైనవాళ్ళు అలా నవ్వుకుంటూ రావడం ఆ మైదానంలో ఎవరూ ఎరగరు. సరిగ్గా అప్పుడు వరసలో తొమ్మిదో స్థానంలో నిలబడి ఉన్న తన భార్య కనిపించింది. కాగితాలు ఛాతీకి హత్తుకుని, తీరిగ్గా ఆయన్నే చూస్తోంది.

"నువ్విక్కడా?"

"లైబ్రరీకి దారి ఇటే కదండీ" అంది ఆవిడ.

డ్రైవింగ్ స్కూలావిడ పరుగున వచ్చి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యయ్యో! అయితే బాబాయ్, పిన్నీ అని నేను సరిగ్గానే పిలిచానన్నమాట!"

ఆవిడ పరీక్ష పదిహేను నిమిషాల్లో అయిపోయింది. పాస్. ఫెయిలయ్య ఆ మాట నమ్మలేదు. మొహమాటానికి ఇచ్చాడేమోనని కాగితం అడిగి తీసుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చదివాడు. రెండు చిన్న తప్పులు. రెండూ న్యాయమైన చోటే పడ్డాయి.

"బాగా నడిపావు" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం శిష్యుడికి కూడా కొత్త.

మైదానం చివర సిమెంటు బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు.

"ఇప్పుడు చెప్పండి" అంది ఆవిడ. "బెంగా, కాలక్షేపమా?"

ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నీకు నవ్వొస్తుంది."

"వస్తే నవ్వుతా. చెప్పండి."

"రోజుకి పన్నెండుమంది నా పక్కన కూర్చుని వణికేవాళ్ళు. నేను నోరు తెరిస్తే ఊపిరి బిగబట్టేవాళ్ళు. ఇంట్లో నేను నోరు తెరిస్తే నువ్వు రేడియో పెద్దది చేస్తావు."

ఆవిడ నిజంగానే నవ్వింది. కానీ మధ్యలో ఆగిపోయింది. ఆయన చెయ్యి, అట్ట లేని చెయ్యి, మోకాలి మీద ఖాళీగా గళ్ళు గీస్తోంది.

"మీకు కావలసింది వణికేవాళ్ళేగా" అంది. లేచి వెళ్ళి స్కూలావిడతో ఏదో మాట్లాడింది. ఆమె ముందు తల అడ్డంగా ఊపింది, తర్వాత నిలువుగా ఊపింది.

అలా ప్రతి గురువారం ఆ స్కూల్లో ఉత్తుత్తి పరీక్షలు మొదలయ్యాయి. అసలు పరీక్షకి వెళ్ళేముందు నేర్చుకునేవాళ్ళు ఒకసారి ఫెయిలయ్య పక్కన కూర్చోవాలి. ఆయన అందర్నీ ఫెయిల్ చేసేవాడు. ఆ దెబ్బకి అసలు పరీక్ష వాళ్ళకి పిల్లలాటగా అనిపించేది. శిష్యుడి ముందు ధీమాగా కూర్చుని పాసయ్యేవాళ్ళు.

మూడో గురువారం ఒక పళ్ళ డాక్టరు వంతు వచ్చింది. ఎంతమందినో కుర్చీలో వణికించిన మనిషి, స్టీరింగ్ పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. పెద్ద కూడలి దగ్గర ఎర్రలైటు పడింది. ఎదురు వరసలో నీలంరంగు చిన్న కారు ఒకటి వచ్చి ఆగింది, ఫెయిలయ్య భార్యకి ఆవిడ చెల్లెలు ఇచ్చిన పాత కారు. అద్దం దించి, మోచెయ్యి బయట పెట్టుకుని, ఆవిడ ఏదో పాట కూనిరాగం తీస్తోంది. పక్క సీట్లో ఎవరూ లేరు. లైటు మారగానే జుట్టు ఎగురుతుండగా మలుపు తిరిగి, ఊరి బయటికి పోయే రోడ్డెక్కింది. ఇటు ఎవరున్నారో చూడనైనా చూడలేదు.

"సార్" అన్నాడు డాక్టరు భయంభయంగా. "పచ్చలైటు పడి చాలాసేపయింది. వెళ్ళమంటారా?"

వెనక హారన్లు మోగుతున్నాయి.

"ఆ కారు ఇండికేటర్ వేసిందా? నువ్వు చూశావా?" అన్నాడు ఫెయిలయ్య.

"వేసింది సార్. ఎవరు సార్ ఆవిడ?"

"ఎవరైతే నీకెందుకు? ముందు రోడ్డు చూడు!" అని గద్దించి, తల ఒంచుకుని, ఆ కారుకి గుర్తు పెట్టే గడి కోసం చాలాసేపు వెతికాడు.