నేల కందని పాదము

మార్గశిరమాసము. రాత్రియంతయు సముద్రముమీదనుండి వీచి వీచి యలసిన చలిగాలి తెల్లవారునప్పటికి నెమ్మదింపగా, తూర్పున నెగబ్రాకిన కుంకుమకాంతి తీరసైకతములపై వలలు దులుపుకొనుచున్న జాలరుల నల్లని యాకృతులను వారిచుట్టు ముసిరిన కాకుల గుంపులను తరంగఫేనపంక్తులను ఒక్కటొక్కటిగ వెలుగులోనికి దెచ్చుచుండెను. విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు బోవు కడలియొడ్డు మార్గమున, జీడితోటల నానుకొని యున్న యొక తేనీటిపాక ముందు పందొమ్మిది మోటారుసైకిళ్లు బారులు తీరి నిలిచి, ఇంకను చల్లారని యంత్రములలోనుండి టిక్కు టిక్కుమని సన్నని చప్పుళ్లు చేయుచుండెను. ఇట్టివానిని అశ్వములతో పోల్చుట మనవారికి పరిపాటి. కాని గుఱ్ఱము తన కాళ్లమీద తాను నిలుచును, మోటారుసైకిలు నిలువదు. ఈ కథ కంతకును మూలము ఈ యొక్క భేదమే గనుక ఆ పోలికను మనము విడిచిపెట్టుదము.

ఈ బండ్లవారు ప్రతి యాదివారమును ఇచ్చటికి వచ్చి టీ త్రాగి, పిమ్మట వరుసకట్టి ఏదో యొక దిక్కునకు పోయి మధ్యాహ్నభోజనమునకు ఇండ్లు చేరుకొనుచుందురు. వీరికి రెండు నియమములు కలవు. మొదటిది: క్రొత్తబండి కొన్నవాడు దానిని వేయి కిలోమీటర్లు నడిపిన తరువాత, ఇదే పాకముందు, ట్యాంకుమీద అఱచేయి మోపి నిలిచి దాని గుణదోషములను ఉన్నవి యున్నట్లు చెప్పవలయును. కంపెనీవారు కాగితములలో నచ్చువేసిన మాట యొక్కటియు నోట రాగూడదు. తన నడుము చెప్పినది, తన తొడలు చెప్పినది, తన ముంజేతులు చెప్పినది మాత్రమే చెప్పవలయును. దీనిని వారు ‘వెయ్యి మాట’ యందురు. ఆ మాట విని యెందఱో కొన్నారు; విని యెందఱో మానుకొన్నారు. రెండవ నియమము: పొడినేలమీద బండిని పడవేసికొన్నవాడు ఏడాదిపాటు వరుసలో కడపటివాడై నడువవలయును. ఈ రెండవదానిని కల్పించినవాడు గొర్లె సన్యాసినాయుడు. పదునొకండేండ్లుగా వరుసకు ముందు నడచుచున్నవాడును అతడే.

సన్యాసినాయుడు ఓడరేవులో క్రేను నడుపువాడు. వయస్సు ఏబదియొకటి, పొడుగు ఐదడుగుల మూడంగుళములు, మీసము మాత్రము ఆఱడుగుల మనిషిది. ఓడ గర్భమునుండి నలువది టన్నుల యినుపపెట్టెను వ్రేలికొనలతో పైకిలాగి లారీమీద చప్పుడు కాకుండ దింపగల నేర్పరి యగుటచేత బరువన్న నతనికి బొత్తిగా లక్ష్యము లేదు. ఎవరైన బండి పడవేసికొని వచ్చినచో “భూదేవికి దణ్ణం ఎట్టీసి వొచ్చినావేటి?” అని పదిమందిలో నవ్వించుట యతనికి వాడుక. మూడేండ్ల క్రిందట పిల్లా తవిటయ్య యను తపాలా గుమాస్తా రోడ్డుమీద పేరుకొన్న యిసుకలో జారిపడి, ఇసుక పొడినేల కాదు గదా యని బ్రతిమాలుకొనినను, ఇసుకయు పొడిదేగదా యని తేల్చి యాతనిని ఏడాదిపాటు కడపటికి నెట్టినవాడును ఈతడే.

ఇట్టి నాయుడు రెండునెలల క్రిందట కొన్నది పరదేశమున పుట్టిన మహాయంత్రము. నిడుపైన దేహము, ముందునకు చాచిన ముందుచక్రము, మోకాలి మట్టమునకు దిగిన యాసనము, చీకటివన్నె ట్యాంకు, ఎనుబోతు కొమ్ములవలె వెడల్పైన హ్యాండిలు. తీరికగా నడుపుకొను బండివలె కనబడును గాని పిడికిలి త్రిప్పితిమా పందెపుబండికి తీసిపోదు. బరువు రెండువందల యేబది కిలోలు. ఆసనము క్రిందుగా నుండుటచే నాయుడు దానిపై గూర్చుండినపుడు రెండు పాదములును మడమలతో సహా నేలకు ఆనెను. ముప్పదియేండ్లుగా మునివ్రేళ్లమీద బండ్లను నిలబెట్టుకొని వచ్చిన యా పొట్టిమనిషికి అది యెంత సంతోషమో పొడవైనవారు ఎఱుగజాలరు. షోరూములో దానిపై కూర్చుండి దిగుటకు మనసొప్పక అరగంట యట్లే కూర్చుండెనట.

ఆ సంతోషమే గడచిన గురువారమున నతని కొంప ముంచెను. వేయి నిండుటకు ఇంక నెనుబది కిలోమీటర్లు కొఱతపడగా నతడు సెలవుపెట్టి ఒంటరిగ అనంతగిరి ఘాటి యెక్కి, ఒక మలుపుదగ్గఱ వెనుకకు మఱలదలచి, ఏటవాలు రోడ్డుపై నడకవేగమున హ్యాండిలును పూర్తిగ కుడివైపునకు త్రిప్పెను. పైనుండి బస్సు హారను మ్రోగెను. అలవాటుపడిన చేయి తనంతట తానే ముందుబ్రేకును బిగియ నొక్కెను. హ్యాండిలు తిరిగియుండగ ముందుబ్రేకు పట్టుట యీ జాతి బండ్లకు కూడని పని. బండి నిలిచి, పల్లపువైపునకు ఒరిగెను. నాయుడు కాలు చాచెను. సమతలమున మడమదాక నానిన పాదమున కచ్చట నేల యందలేదు, అచ్చట నేల జానెడు దిగువన నుండెను. చిన్నబండ్లను ఇట్లు ఒరిగినపుడు తొడతో నెట్టి నిలబెట్టిన పూర్వానుభవముచే నతడు దీనినిగూడ నిలబెట్టబోయెను. రెండువందల యేబది కిలోలు ఒక్కసారి ఒరుగ మొదలిడిన తరువాత ఎవరి మాటయు వినవు. మోకాలు కొట్టుకొనిపోవుట దక్క దేహమునకు హాని లేదు. కాని బండిని లేపుట యతనివలన కాలేదు. బస్సు కండక్టరును అల్లపు గంపలతో నడచిపోవుచున్న ముగ్గురు స్త్రీలును కలసి లేపిరి. వారిలో పెద్దామె చెమట తుడుచుకొనుచు “ఇంత బరువుది నీకెందుకు బాబూ?” అని యడిగెను. నాయుడు బండియెక్కి కొండ దిగెను.

ఇంటికి వచ్చి వంగిన బ్రేకుమీటను మార్పించెను. సైలెన్సరు మీది గీతకు నల్లరంగు పూసెను. మోకాలికి కట్టు కట్టి దానిపై ప్యాంటు తొడిగెను. చెప్పినచో పదునొకండేండ్ల ముందువరుస పోవును, మీసముమీద చేయి వేయుటకు ముఖము చెల్లదు. చెప్పకున్నచో ఎవరికిని తెలియదు. ఇక నిందులో నాలోచింపవలసిన దేమున్నదని మూడు దినములు తన్ను దాను సమాధానపఱచుకొనెను.

ఆ యాదివారము టీ గ్లాసులు చేతులు మాఱిన పిమ్మట నాయుడు బండిప్రక్క నిలిచి ట్యాంకుమీద అఱచేయి మోపెను. అందఱును చుట్టును చేరిరి. ముందునకు వచ్చి నిలిచినది బొడ్డేపల్లి కుసుమలత. ఆమె యొక ప్రసూతి వైద్యశాలలో నర్సు, నలువదేండ్లది, నాయుడుకంటె రెండంగుళములు పొట్టి, ఐదేండ్లుగా నొక చిన్నబండిమీద ఈ వరుసలో నడచుచున్నది. ఇదే జాతి బండిని ఆమెయు నెంచుకొని, నాయుడు మాట విన్నపిదపనే షోరూమునకు మాట యిచ్చెదనని మఱునాటివఱకు గడువు కోరియుండెను.

నాయుడు చక్కగా చెప్పెను. పిడికిలి కాసంత త్రిప్పినంతనే నడుమును వెనుకనుండి యెవరో అఱచేతితో త్రోసినట్లగుననియు, లారీని దాటుటకు గేరు దింపవలసిన పనిలేదనియు, నూఱు దాటిన వేగమునగూడ ప్రక్కగాలికి చలింపదనియు, బ్రేకులు రెండు వ్రేళ్లతో పట్టిన చాలుననియు, నున్నని తారుమీద పట్టుపఱుపు గాని గుంటలో పడినయెడల వెన్నుపూస లన్నియు ఉన్నవో లేవో తడవి చూచుకొనవలసి వచ్చుననియు, కాళ్లు ముందునకు చాచి కూర్చుండుటచే రెండుగంటల పిమ్మట తుంటి పట్టివేయుననియు, మలుపులో కొంచెము ఎక్కువ వాల్చినచో కాలుపెట్టు కడ్డీలు రోడ్డును గీయుననియు, వెనుక కూర్చుండువారికి కంపెనీవారు దయచేసిన యాసనము అప్పడమంతయే యనియు వివరించెను. చివర లోపము చెప్పవలసిన సమయమున నతడు ఘాటి సంగతి దాటవేసి, ఊరి రద్దీలో యంత్రపు వేడికి కుడితొడ వేగిపోవునని చెప్పి ముగించెను. అదియు సత్యమే. విన్నవారు తలలూపిరి.

కుసుమలత అడిగెను. “నాయుడుగారూ, నాకు ఒక్కటే అనుమానమండి. కాళ్ళు పూర్తిగా ఆన్తాయా?”

“ఆన్తాయమ్మా. మడమలతో సహా,” అనెను నాయుడు. ఇదియు సత్యమే.

“అయితే ఇంక ఆలోచన నేదండి. రేపు పొద్దున్న ఎళ్ళి తీసీసుకుంటాను. శనివారం మా పాపని ఎనకాల ఎక్కించుకుని అరకు పోతాను. మూణ్ణెల్లనుంచి అడుగుతున్నాది పిల్ల.”

ఈ మాట చెప్పుచు నామె నాయుడు అనుమతితో బండి యెక్కి కూర్చుండెను. పాదములు రెండును నేలకు ఆనగా నామె ముఖము విప్పారెను. ఆ సంతోషమును నాయుడు గుర్తుపట్టెను. షోరూములో తన ముఖమును అద్దమున చూచుకొనలేదు గాని ఇట్లే యుండియుండును. ఆమె ఆటగా హ్యాండిలును పూర్తిగ కుడివైపునకు త్రిప్పెను. త్రిప్పి, చిన్నబండిపై ఐదేండ్లనుండి పట్టిన యలవాటుచొప్పున, కుడిచేతి నాలుగు వ్రేళ్లతో ముందుబ్రేకు నొక్కెను.

నాయుడు ఆ వ్రేళ్లను చూచెను. వెనుక అప్పడమంత యాసనముమీద పదేండ్ల పిల్ల, ఎదుట ఘాటిమలుపు, పైనుండి దిగు బస్సు: ఇవి యన్నియు నతనికి కన్నులకు గట్టినట్లు కనబడెను. అతడు మంచివాడై చెప్పెనని యెవరును తలపవలదు. చెప్పకుండ నుండలేకపోయినందున చెప్పెను.

“ఒక్క నిమిషం దిగమ్మా,” అనెను. “అసలు లోపం సెప్పనేదు. గురువారం నాడు అనంతగిరి ఘాటీలో నేను ఈ బండి పడగొట్టీసినాను. పొడి రోడ్డే. లేపబోతే నా వల్ల కానేదు. నలుగురొచ్చి లేపినారు.”

కుసుమలత బండి దిగి నిలువబడెను. ఆమె ముఖము ఎఱ్ఱబడెను.

“ఇందాక కాళ్ళు ఆన్తాయన్నారు కదండీ.”

“సమంగా ఉన్న నేలమీద ఆన్తాయి. వాలులో తిప్పితే ఒక పక్క నేలే ఉండదు. సీటు ఇంత కిందకి ఉండబట్టే మనలాంటి పొట్టోళ్ళం నమ్మీసి మోసపోతాం.”

“నేను పాప సంగతి సెప్పినాను. ఇన్నారు కూడాను.”

“ఇన్నాను. ఇని కూడా ఊరుకున్నాను. తప్పు నాదేనమ్మా.”

నర్సుపని చేయువారికి కోపమునకు గూడ తీరిక తక్కువ. ఆమె హెల్మెట్టు తలకు తగిలించుకొని “ఎలా పడ్డాదో నాకు చూపించండి,” అనెను. పాకకు ఎదురుగా కొండమీదికి పోవు వాలుబాట కలదు. నాయుడు బండిని అచ్చటికి నడిపించుకొనిపోయి, గురువారము తాను చేసిన తప్పును పదిమంది యెదుట అడుగడుగునకు చేసి చూపెను. హ్యాండిలు త్రిప్పినపుడు ముందుబ్రేకును ముట్టగూడదనియు, వెనుకబ్రేకును, అఱబిగువున పట్టిన క్లచ్చును నమ్ముకొనవలెననియు, ఒరిగిపోయినదాని క్రింద కాలు పెట్టక విడిచిపెట్టి దూరముగ తొలగవలెననియు చెప్పెను. కుసుమలత పలుమాఱులు త్రిప్పెను. నాలుగవమాఱు బండి ఒరుగగా ముగ్గురు పట్టుకొనిరి. పదవమాఱు ఎవరును పట్టుకొనవలసిన పని కలుగలేదు.

“బండి తీసుకుంటానండి,” అనెను ఆమె దిగి, చేతులు దులుపుకొనుచు. “అరకు మాత్రం ఇప్పుడు కాదు. వెయ్యి నిండేదాకా పాపని ఎక్కించను. పిల్ల రెండ్రోజులు ఏడుస్తాది, ఏడవనీ.”

అప్పుడు తవిటయ్య గొంతు సవరించుకొనెను. “మరి వరస సంగతేటి నాయుడుగారూ?” అని యడిగెను. అడుగుటలో వెక్కిరింపు లేదు. మూడేండ్ల నాటి యిసుక మాత్రము కొంచెము మిగిలియున్నదేమో.

“నియమం నేను పెట్టిందే కదా,” అనెను నాయుడు. “ఏడాది.”

ముందెవరు నడువవలెనన్న ప్రశ్నకు ఎక్కువ తర్జనభర్జన జరుగలేదు. పడిన సంగతి తానే వచ్చి చెప్పి, ఏడాది కాలము సణుగక కడపట నడచినవాడు వారిలో తవిటయ్య యొక్కడే యని యందఱకును జ్ఞప్తికి వచ్చెను. అతడు వలదు వలదనుచునే తన చిన్నబండిని తెచ్చి ముందు నిలిపెను. వరుస కదలెను. తవిటయ్య గంటకు నలువది కిలోమీటర్లు దాటి పోవువాడు కాడు. ఆ వేగమునకు మహాయంత్రము గొణుగుచు సణుగుచు వేడెక్కి నాయుడు కుడితొడను నిర్దయగా వేచుచుండెను. ముందు పోవువారి పొగయు దుమ్మును అతని వంతు లయ్యెను.

పదునొకండేండ్లలో మొదటిసారిగ నాయుడు తన యెదుట పదునెనిమిది వీపులను చూచెను. ముందు నడచువానికి రోడ్డు కనబడును గాని మనుష్యులు కనబడరు. వీరిలో నొకనికి మెడ పట్టివేయుటచే తల త్రిప్పలేడనియు, ఇంకొకని వెనుకచక్రము అటునిటు నూగుచున్నదనియు, కుసుమలత ప్రతి పల్లమునకు ముందుగనే వేగము తగ్గించుననియు అతడు ఆనాడు తెలిసికొనెను. తవిటయ్య ఇదే చోట ఏడాది కాలము నడచెను. ఆ యేడాదిలో వాడు వచ్చుచున్నాడో లేదో యని తా నొక్కదినమైనను వెనుకకు తిరిగి చూచితినా యని నాయుడు నెమరువేసికొనెను. చూచిన జ్ఞాపకము లేదు. సిగ్గుచే నతని మెడ వంగెను.

భీమునిపట్టణపు మలుపువద్ద వరుస కొంచెము నెమ్మదించెను. ముందు పోవుచున్న తవిటయ్య వేగము తగ్గించి, మెడ చాచి, పదునేడు బండ్ల మీదుగా కడపటివాడు వచ్చుచున్నాడా లేదా యని వెనుకకు తిరిగి చూచెను. నాయుడు ఎడమచేయి పైకెత్తి, వచ్చుచున్నానని చూపెను.