ముళ్లకంప వేసిన ఇల్లు

మందుల కంపెనీలో పొద్దటి షిఫ్టు దిగి, బొల్లారం నుంచి రెండు షేరింగ్ ఆటోలు మారి మల్లవ్వ తన ఊరు ఇంద్రేశం వచ్చేసరికి ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఇల్లు తనదే. అయినా ఆమె బజార్లోనే నిలబడాలి. నాలుగు నెలల కింద భర్త సంగయ్య చనిపోయిన నక్షత్రం మంచిది కాదని, ఆరు నెలలు ఇల్లు విడిచిపెట్టాలని చెప్పారు. గడపకు అడ్డంగా ముళ్లకంప వేసి తాళం పెట్టించింది సంగయ్య అన్న యాదన్న. ఇంటికి పెద్ద కదా, పంచాంగం చూసే అయ్యగారిని ఒక్కడే వెళ్లి అడిగొచ్చిందీ ఆయనే, తాళంచెవి దగ్గర ఉంచుకున్నదీ ఆయనే.

ఇవాళ ఆ కంపను బూటుకాలితో పక్కకు తోసి లోపలికి పోయినవాడు శివకుమార్. ఇల్లు కొనడానికి వచ్చాడు. బ్రోకర్ చంద్రకాంత్ అతనికి గదులు చూపిస్తున్నాడు. తాళం తీసిచ్చిన యాదన్న వాకిట్లో ఒక పక్కన నిలబడ్డాడు. తన వంటింట్లో బూట్ల టకటకలు బజార్లో ఉన్న మల్లవ్వకు వినిపిస్తున్నాయి.

ఆమెకేం అమ్మాలని సరదా లేదు. రోజంతా సీసాలకు లేబుళ్లు అంటిస్తే నెలకు పదకొండు వేలు చేతికొస్తాయి. అందులో ఐదు వేలు బొల్లారంలో ఒంటిగది కిరాయికే పోతున్నాయి. ఆ గదైనా, మొగుడు పోయిన సంగతి దాచిపెడితే దొరికింది. కూతురు రవళి నర్సింగు ఫీజు ఆగిపోయింది. నెలాఖరులోగా కట్టకపోతే పిల్లను పరీక్షకు కూర్చోనివ్వరు. ఆరు నెలలు నిండినా ఆ ఇల్లు అచ్చిరాదు, అమ్మి అవతల పారెయ్యమని యాదన్న రోజూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. పక్క గల్లీలో ఇలాంటి రెండు గదుల ఇల్లే నలభై లక్షలకు పోయింది. మల్లవ్వా అంతే అడిగింది.

శివకుమార్ బయటికొచ్చి ముక్కు తుడుచుకున్నాడు. గోడలు చెమ్మ పట్టాయన్నాడు, వాకిలి దక్షిణానికి ఉందన్నాడు. అసలు మాట ఆఖరున తీశాడు.

"ఇరవై రెండు ఇస్త. చావు జరిగిన ఇల్లు, అండ్ల నక్షత్రం గూడ మంచిది గాదాయె. నేను గాబట్టి అడుగుతున్న."

పుచ్చు వంకాయను చూపించి ధర తగ్గించమన్నట్టు, సంగయ్య చావును చూపించి పద్దెనిమిది లక్షలు కొట్టేశాడు. బావ ఒక మాట అంటాడేమోనని మల్లవ్వ యాదన్న వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. చంద్రకాంత్‌కు ఆగడం చేతకాలేదు.

"యాదన్న ఇరవై రెండుకు ఒప్పుకున్నంకనే సారును తోల్కొచ్చిన అక్కా. మళ్ల గిప్పుడు బేరమంటే ఎట్ల?"

యాదన్న బ్రోకర్‌ను కొరకొర చూశాడు. ఇందులో ఆయనకెంత ముడుతుందో మల్లవ్వ అడగలేదు. అడగాలంటేనే రోత పుట్టింది.

బేరం కుదిరిందనుకున్న శివకుమార్ బ్రోకర్‌తో ముందు సంగతులు మాట్లాడుతున్నాడు. శుక్రవారం రిజిస్ట్రేషన్, తెల్లారి శాంతి పూజ, ఆదివారం నుంచి గదికి ఎనిమిదిమంది చొప్పున ఫ్యాక్టరీల్లో పనిచేసే ఒడిశా పిల్లగాళ్లకు కిరాయి.

"పూజ జేస్తే దోషం ఒక్క దినంల పోతదా సారూ?" అని అడిగింది మల్లవ్వ.

"అయ్యగారికి ఐదు వేలు పడేస్తే అయిపాయె. గదెంత పని?"

ఐదు వేలు. ఆమె ఒక నెల కిరాయి.

దోషం పూజతో పోతుందన్న సంగతి తనకెందుకు చెప్పలేదని బావను అడిగింది. యాదన్న గొంతు సవరించుకున్నాడు.

"కొనేటోళ్లకు తగలది మల్లవ్వా. రక్తం పంచుకున్నోళ్లకే తగుల్తది."

"తోడవుట్టినోనివి నువ్వు. తాళంచెవి జేబుల ఏసుకొని నాలుగు నెలలు తిరిగినవ్. నీకు తగల్లేదు గద బావా."

యాదన్న గొంతు పెంచాడు. ఆడది, ముండమోసింది, పెద్దలకు ఎదురు మాట్లాడుతోందని గల్లీకంతా వినబడేలా అరిచాడు. మల్లవ్వ చెప్పులు విడిచి గడప దాటింది. నక్షత్రం అబద్ధమని ఆమెకు ఇంకా నమ్మకం కుదరలేదు.

లోపల ఎలుక పెంటికలు, ముక్కిపోయిన వాసన. వంటింటి బండల మీద బురద బూట్ల అచ్చులు. బకెట్‌లో నాలుగు నెలల నాటి నీళ్లు పచ్చబడి పురుగులు ఆడుతున్నాయి. ఆ నీళ్లు బూటు అచ్చుల మీద కుమ్మరించి, చీపురుతో బరబరా వాకిట్లోకి తోసింది. మురికినీళ్లు వచ్చిపడుతుంటే ముగ్గురు మగవాళ్లూ వెనక్కి జరిగారు.

"ఇరవై ఐదు చేసుకో," అన్నాడు శివకుమార్ ప్యాంటు పైకి పట్టుకుని.

"చావు ఇల్లు నేను అమ్మను. అమ్మాల్సొస్తే నేనుంటున్న ఇల్లు అమ్ముత. దాని ధర దానికుంటది."

మావాళ్లెవరూ నీ గడప తొక్కరు, నీ ఇంట్ల మంచినీళ్లు ముట్టరు అన్నాడు యాదన్న. అన్నంత పనీ చేస్తాడని ఆమెకు తెలుసు. తాళంచెవి అక్కడ పెట్టి పొమ్మంది. ఆయన దాన్ని మురికినీళ్లలోకి విసిరేసి వెళ్లిపోయాడు.

మల్లవ్వ కొంగుకు చేతులు తుడుచుకుని బొల్లారం గదిలో ఉన్న రవళికి ఫోన్ చేసింది. సామాన్లు కట్టమంది, ఇక గది కిరాయి డబ్బులు ఫీజుకు కడదామంది. రవళి మెల్లగా, నీకు భయం లేదా అని అడిగింది.

"ఉన్నది బిడ్డా. అయినా మనింటికే వస్తున్నం. పొయ్యి, గిన్నెలు ముందు కట్టు."