ఉప్పు మాట ఎత్తని ఇల్లు

జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ మాస్టారి నోటి రుచిని వెంటబెట్టుకుపోయింది. ముక్కూ అంతే. ఉల్లిపాయలు మాడి బొగ్గవుతున్నా ఆయనకు తెలియదు, నిమ్మచెక్క కొరికినా పన్ను పులవదు. ఇంకెవరికైనా అయితే పోనీలే అనుకోవచ్చు. ఈయన వంటమాస్టరాయె! ఆఫీసు విందులకు భోజనాలు పంపే పెద్ద వంటశాలలో, పొయ్యిల ముందే జుట్టు నెరిసిన మనిషి. చూపు పోయిన డ్రైవరుకు బండి ఎవరిస్తారు? రుచి పోయిన వంటవాడికి గరిటె ఎవరిస్తారు?

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఆయన పని దగ్గర ఎవరికీ చెప్పలేదు. చేతి అలవాటు మీద నెట్టుకొచ్చాడు. అలా ఎన్నాళ్ళు దాగుతుంది? ఒకరోజు సూపు ఉప్పుకషాయమైందన్నారు, ఇంకోరోజు కూరలో ఉప్పే లేదన్నారు. చివరికి మేనేజరమ్మ పిలిచి కూర్చోబెట్టింది.

“మాస్టారూ, వచ్చే వారం విందులో భోజనానికి ముందు పొయ్యి అక్కర్లేకుండా అయ్యేదేదైనా పెడదాం. పండ్లతో, కాస్త తియ్యగా, కాస్త ఉప్పగా. ఆదివారం మీ వైపే వస్తున్నాను, ఇంట్లోనే చేసి ఉంచండి, తిని చూస్తాను” అంది. “తప్పుగా అనుకోకండి. ఈసారి కూడా తేడా వస్తే మీ పొయ్యి ఇంకొకరికి ఇవ్వక తప్పదు” అని కూడా అంది.

ఆ పొయ్యి తప్ప ఆయనకు ఇంకో విద్య రాదు, ఇంకో గౌరవం లేదు.

ఆదివారం పొద్దున కిటికీ పక్కన మిషను మీద కర్టెను అంచు కుడుతున్న భార్య దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“ఇదిగో, నాకు రుచి తెలియడం లేదు. జ్వరం వచ్చినప్పటి నుంచీ.”

ఆమె మిషను ఆపింది. “తెలుసండీ.”

“ఎలా తెలుసు?”

“మొన్న కాఫీలో పంచదార వెయ్యడం మర్చిపోయాను. మీరు కిక్కురుమనకుండా తాగేశారు. పంచదార లేని కాఫీకి మీరు ఊరుకోవడమా!”

ఆయనకు నవ్వు రాలేదు. మేనేజరమ్మ అన్న మాటలన్నీ చెప్పి, “ఈ ఒక్కరోజూ నువ్వు రుచి చూసి చెప్పాలి. ఉన్నదున్నట్టు చెప్పు, మొహమాటపడకు” అన్నాడు. “అలాగేనండీ” అంది ఆమె.

ఆ ఇంటి సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆయన సరదాపడి ఇంట్లో వండితే, ఆ పిల్ల తెలిసీ తెలియక, “ఉప్పు కాస్త ఎక్కువైందేమోనండీ” అంది. అంతే! గిన్నె ఎత్తి సింకులో బోర్లించాడు. “ఊరంతా మెచ్చిన చేతికి నువ్వు పాఠాలు చెబుతావా?” అని ఇల్లెగిరిపోయేలా అరిచి, రెండు పూటలు పస్తున్నాడు. తర్వాత ఎప్పుడో చుట్టపుచూపుగా వచ్చిన బావమరిది అదే మాట అని, మళ్ళీ ఆ గడప తొక్కలేదు. అప్పటి నుంచీ ఆ ఇంట్లో ఎవరూ ఉప్పు మాట ఎత్తరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి నాలుగో కాలు చూపించి ఎవరు బాగుపడ్డారు గనక? ఆయన వండిన ప్రతి ఆదివారమూ ఆమె ఒకటే మాట అనేది: సరిపోయింది.

పని నిజానికి చిన్నపిల్లలు కూడా చేసేంత తేలిక. ఖర్బూజా రెండు చెక్కలు చేసి, గింజలు గీకేసి, తొక్క తీసి ముక్కలు కోశాడు. కత్తి మాత్రం ఇంకా ఆయన మాట వింటోంది, ముక్కలన్నీ ఒకే కొలతలో వచ్చాయి. ఉప్పునీళ్ళలో ఊరిన తెల్ల చీజ్ గడ్డను డబ్బాలోంచి తీశాడు. ఎప్పుడైనా అయితే ఆ నీళ్ళు వేలితో నాకి చూసి, ఉప్పెక్కువైతే గడ్డను కాసేపు మంచినీళ్ళలో ఉంచేవాడు. ఇవాళ కూడా అలవాటుగా వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాడు. చల్లగా తగిలింది, అంతే. నానబెట్టకుండానే ముక్కలు కోశాడు. టూత్‌పిక్కుకి ఒక ఖర్బూజా ముక్క, ఒక పుదీనా ఆకు, ఒక చీజ్ ముక్క గుచ్చి, పైన తేనె చుక్కలు వేసి, మిరియాల పొడి, ఉప్పు చల్లాడు.

“రా, చూడు.”

ఆమె ఒకటి తీసుకుని నమిలింది. ఆయన ఆమె మొహంలోకే చూస్తున్నాడు. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

“మిరియం ఘాటండీ” అంది.

“మిరియం సంగతి వదిలెయ్. ఉప్పు?”

“సరిపోయింది.”

“ఇంకొంచెం పడుతుందంటావా?”

“మీ ఇష్టం.”

మాస్టారు ధైర్యంగా ఇంకో చిటికెడు చల్లాడు.

మేనేజరమ్మ మధ్యాహ్నం వచ్చింది. ప్లేటు చూసి ముచ్చటపడింది. “అబ్బ, చూస్తుంటేనే నోరూరుతోంది మాస్టారూ!” అంటూ ఒకటి నోట్లో పెట్టుకుంది. దవడ ఆగిపోయింది. మింగలేక, కక్కలేక కాసేపు అవస్థపడి, ఎలాగో మింగి, గ్లాసెడు నీళ్ళూ గడగడా తాగేసింది. ఇల్లాలి వైపు తిరిగింది.

“మీరు తిన్నారా అమ్మా?”

“తిన్నానండీ.”

“ఎలా ఉంది?”

ఆమె భర్త వైపు చూసింది. “బాగుందండీ.”

మేనేజరమ్మ ఇంకేమీ అడగకుండా ప్లేటు మాస్టారి ముందుకు జరిపింది. “మీరొకటి తినండి.”

ఆయన తిన్నాడు. నింపాదిగా నమిలాడు. మొహంలో ఒక్క గీత కదలలేదు. “ఖర్బూజా మంచి తీపి పడింది మేడమ్. ఉప్పు దానికి చక్కగా అమిరింది” అన్నాడు.

ఆవిడ ప్లేటు పక్కకు జరిపింది. “ఎన్నాళ్ళ నుంచి మాస్టారూ?” అని మెల్లగా అడిగింది.

ఆయన తల వంచుకున్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది, ఆవిడ కోప్పడలేదు. డాక్టరుకు చూపించుకోమంది, ఎన్నాళ్ళైనా విశ్రాంతి తీసుకోమంది, రేపటి నుంచి పొయ్యి దగ్గర ఇంకొకరు నిలబడతారని చెప్పి వెళ్ళిపోయింది.

తలుపు మూసుకోగానే మాస్టారు భగ్గుమన్నాడు. “చెప్పమన్నాను కదే! కాళ్ళావేళ్ళా పడ్డట్టు అడిగాను కదే! ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది?”

“చెబుదామనే నోరు తెరిచానండీ” అంది ఆమె, ఏడుస్తూ. “మీరు అలా నా మొహంలోకి చూస్తుంటే భయమేసింది. ఎప్పుడూ అనే మాటే వచ్చేసింది. తర్వాతైనా చెబుదామనుకున్నాను. రాలేదండీ. నా వల్ల కాలేదు.”

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఇన్నేళ్ళూ ఆమె నోరు నొక్కింది తనే. పోయిన ఉద్యోగం కంటే ఆ ఆలోచనే ఆయన్ని ఎక్కువ కోసింది. ప్లేటులో ఖర్బూజా నీరు వదులుతోంది.

చివరికి, ఎప్పుడూ లేనంత మెత్తగా అడిగాడు.

“పోనీ, ఇది చెప్పు. నేనేమీ అనను. జ్వరానికి ముందు, ఆదివారాలు నేను వండిపెట్టినవి... బాగుండేవా?”

“బాగుండేవండీ.”

“నిజంగా?”

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని ఆయన వైపు చూసింది. “నిజంగానండీ. ఎప్పుడూ సరిపోయేది.”

ఆయన ఆమె కళ్ళలో వెతికాడు. ప్రేమ కనిపించింది, భయమూ కనిపించింది. నిజం ఎలా ఉంటుందో మాత్రం ఆయన ఆ మొహంలో ఎప్పుడూ చూసి ఎరగడు. నమ్మాలని ప్రాణం కొట్టుకుంది, నమ్మలేకపోయాడు.