వంతెన మలుపులో రెండు వేగాలు

బస్సు మూడోసారి కూడా వంతెన మీదనుంచి నీళ్లలో పడింది. ఫోనులో. కంప్యూటర్లో మాత్రం అదే బస్సు అదే మలుపు బుద్ధిగా తిరిగి స్టాపులో ఆగింది.

చిట్టి రెండు తెరలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. బట్టల కొట్టు పైన రెండు గదుల ఆఫీసు అది. ఫోనులో ఆడే బస్సు ఆట ఒకటి అక్కడ తయారవుతోంది. ప్రోగ్రాం రాసేది చిట్టి. దారులు రాసేది ఆమె మావయ్య. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపి దిగిన మనిషి. ఏ మలుపులో ఎంత వేగం, ఏ స్టాపులో ఎంతసేపు, ఎక్కడ గుంత, అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఒంటి వేలితో టైపు చేస్తాడు.

మేనేజరు వచ్చి వెనక నిలబడ్డాడు. ఆయన లేనప్పుడు అందరూ తొందరాయన అంటారు.

"మళ్లీ మునిగిందా? నే చెప్తూనే ఉన్నా. ఆ దారులు మీ మావయ్య చేత వద్దు, ప్రోగ్రాం చేతే పుట్టిద్దాం. నిమిషంలో వంద దారులు."

"అవి దారుల్లా ఉండవు సార్. అన్నీ తిన్నగా పోతాయి."

"నీళ్లలోకి పోయేదానికంటే తిన్నగా పోయేది నయమేగా. ఎల్లుండి మధ్యాహ్నం ఆట విడుదల చేసే కంపెనీవాళ్లు వస్తారు. అప్పటికి బస్సు వంతెన దాటాలి. లేదా, మీ మావయ్యకు దండం పెట్టి ఇంటికి పంపేద్దాం."

మావయ్య పక్క గదిలోనే ఉన్నాడు. మధ్యలో ఉన్నది సగం గోడే. విన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అది చూసి చిట్టి పళ్లు బిగించింది. ఈ మనిషిని పంపనివ్వను అనుకుంది.

దారుల వివరాలు జేసన్ అనే పద్ధతిలో ఫైళ్లలో ఉంటాయి. పేరు, దాని ఎదురుగా అంకె. ఆ ఫైలును ప్రోగ్రాంకు చదివిపెట్టే భాగాన్ని పార్సర్ అంటారు. చిట్టి ఫైలు తెరిచి వరసకు వరస చూసుకుంటూ వచ్చింది. వంతెన మలుపు దగ్గర ఆగింది. వేగం అరవై అని ఉంది. దాని కిందే వేగం పాతిక అని ఉంది.

"మావయ్యా, వేగం రెండుసార్లు రాశావేంటి?"

"మొదట అరవై అనుకున్నా. కాదు, పాతిక. కింద రాశా."

"పైది కొట్టెయ్యలేదే?"

ఆయన పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "రాసింది చెరుపుతారటే? ట్రిప్పు షీటులో చెరిపితే ఉద్యోగం ఊడుద్ది. తప్పు రాస్తే కింద సరైంది రాయాలి. కిందదే లెక్క. డిపోలో ఎవర్నడిగినా చెప్తారు."

చిట్టికి నవ్వొచ్చింది. మరుక్షణం అసలు సంగతి తట్టింది. కంప్యూటర్లోని పార్సర్ కూడా డిపో మనిషే, కిందదే తీసుకుంటుంది. ఫోనులోది వేరు. వేగంగా చదువుతుందని తొందరాయన తెప్పించి పెట్టించాడు. అది పైదే పట్టుకుంటుంది. రెండూ తప్పుందని చెప్పలేదు. చూస్తే అలాంటి చోట్లు నూట పన్నెండు తేలాయి.

మేనేజరు తేలిగ్గా తీసేశాడు. "చెరిపించు, అయిపోతుంది."

"ఇవాళ చెరిపిస్తా. రేపు కొత్త దారిలో ఆయన చెయ్యి మళ్లీ కిందే రాస్తుంది. మళ్లీ మునుగుతుంది. పద్ధతే మార్చాలి సార్."

"ఇప్పుడా? లోకమంతా జేసనే వాడుతోంది."

"లోకమంతా మా మావయ్యను పెట్టుకోలేదు కదా."

మేనేజరు చేతులెత్తేశాడు. "గడువు మాత్రం ఎల్లుండే" అన్నాడు.

చిట్టి మొదట ఎక్స్ఎంఎల్ పద్ధతిలో ఒక పేజీ రాసి చూపింది. మావయ్య మొహం చిట్లించాడు. "ఒక్క మాటకి ముందో తలుపు, వెనకో తలుపు. ఇది రాసేలోపు బస్సెళ్లిపోద్ది." తర్వాత యామల్. అందులో వరస ముందు వదిలే ఖాళీని బట్టి అర్థం మారుతుంది. ఆయన ఒక ఖాళీ ఎక్కువ కొట్టాడు, స్టాపు వెళ్లి గుంతలో కలిసింది. "ఖాళీకి కూడా అర్థముంటే ఎలాగే? నాతో కాదు, నా వేలితో చెప్పుకో."

మూడోది టామల్. వరసకు ఒక సంగతి. ముందు హ్యాష్ గుర్తు పెడితే పార్సర్ ఆ వరసను చదవదు, మనుషులు చదువుకోవచ్చు. ఒకే చోట ఒకే పేరు రెండుసార్లు వస్తే పార్సర్ ముందుకు కదలదు, ఏ వరసో చెబుతుంది. చిట్టి ఇక వేరేది చూడలేదు. కంప్యూటర్లోనూ ఫోనులోనూ ఒకటే నడిచే చిన్న పార్సర్ ఏరుకుంది. చదివేవాళ్లు ఇద్దరుంటేనే కదా ఈ గొడవంతా! పాత ఫైళ్లను మార్చే ప్రోగ్రాం రాసింది. రెండు విలువలున్న చోట పైదానికి హ్యాష్ తగిలించింది, ఒక్కటీ చెరపలేదు.

ఆఫీసులోకెల్లా పాత ఫోనులో పెడితే ఆట తెరుచుకోవడానికి ఆరు సెకన్లు పట్టింది.

"ఆడేవాడు ఆవలించి పోతాడు" అన్నాడు మేనేజరు.

చిట్టి కుర్చీ వదల్లేదు. అన్ని దారులూ మొదటే చదవడం మానిపించి, ఎక్కిన దారి ఒక్కటే చదివించింది. రెండు సెకన్లు కూడా పట్టలేదు.

కంపెనీవాళ్లు వచ్చారు. బస్సు వంతెన దాటి, తెర మీద ఒక ముసలావిడ ఎదురుచూస్తున్న స్టాపులో ఆగింది. వచ్చినవాళ్లలో ఒకావిడ అడిగింది, "ఆ ముసలావిడ ఎక్కేలోపే కదిలిపోతోందే. ఇంకాసేపు ఆగదా?"

"ఆగుద్ది" అంటూ మావయ్య కీబోర్డు లాక్కున్నాడు. పాత వరస కిందే కొత్త వరస కొట్టాడు. చిట్టి చూసింది, ఆపలేదు. ఆట తెరుచుకోలేదు. తెర మీద ఒక్క మాట వచ్చింది: నలభై ఒకటో వరస, ఆగే సమయం రెండుసార్లు ఉంది.

మేనేజరు మొహం మాడిపోయింది. మావయ్య కళ్లజోడు ముక్కు మీదికి దించి నిదానంగా చదివాడు.

"నన్నే పట్టుకుంది దొంగముండ!" అన్నాడు మెచ్చుకోలుగా. పై వరసకు హ్యాష్ పెట్టాడు. బస్సు స్టాపులో ఆగింది. ముసలావిడ రెండు మెట్లూ ఎక్కి, సీటులో కూర్చున్నాకే కదిలింది.

కంపెనీ ఆవిడ ఫోను కింద పెట్టకుండా ఇంకో స్టాపు దాకా ఆడింది. మేనేజరు గొంతు సవరించుకుని మావయ్య వైపు తిరిగాడు.

"ఇలాంటి దారులు ఇంకా ఎన్నున్నాయండీ మీ దగ్గర?"

"నేను నడిపినవా, తోటి డ్రైవర్లు చెప్పగా విన్నవా?" అన్నాడు మావయ్య, కొత్త ఫైలు తెరుస్తూ.