పిలిచిన గడప

ఆత్మకూరు బజారులో ఆదిలక్ష్మమ్మ గారికి గడప కడగడంతోనే తెల్లవారుతుంది. కడిగి, పసుపు పూసి, బొట్లు పెట్టి, ఆ తడి ఆరేదాకా ఎవరినీ తొక్కనివ్వదు. పాలవాడైనా కన్నకొడుకైనా పక్కనున్న అంగడి షట్టర్ కింద నుంచి వంగి రావలసిందే. ఆ కొడుకు ధనుంజయ ఈలోగా షట్టర్ ఎత్తి, కాటాకు దణ్ణం పెట్టి, కందిపప్పు బస్తా మూతి విప్పుకుని కూర్చుంటాడు. చుట్టుపక్కల పల్లెల్లోని చిల్లర అంగళ్లకు ఉప్పూ పప్పూ వేసేది వాళ్లే. మధ్యాహ్నం అన్నాలవేళకు గిరాకీ పలచబడుతుంది. అప్పుడు షట్టర్ సగానికి దించి ధనుంజయ లోపలి గదిలోకి పోతాడు. అక్కడ అతని స్టూడియో ఉంది.

స్టూడియో అనగానే ఏదో ఊహించుకునేరు. హాలు పక్కన చింతపండు నిలవచేసుకునే గది అది. ఇద్దరు నిలబడితే మూడోవాడు మర్యాదగా బయటికి పోవాలి. మొదట గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అతికించాడు. శెట్టిగారబ్బాయి కోళ్లఫారం పెట్టాడని బజారంతా నవ్వింది. నవ్వితే నవ్వారు గానీ, గది మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే ఆ చప్పుడు నాలుగు గోడలకూ తగిలి తిరిగి మొహాన కొట్టేది. వీడియోలు చూసి చూసి, అట్టల వల్ల ఏమీ కాదని తెలుసుకుని అవన్నీ పీకేశాడు. చెక్క చట్రాలు చేయించి, వాటి నిండా పాత బొంతలు కుక్కి, పైన గోనెపట్టాలు బిగించాడు.

బొంతలకు అమ్మను అడిగాడు. చింతపండు జాడీలు జరపడానికి అడిగాడు. గోడకు మేకులు కొట్టడానికి అడిగాడు. పాడేవాళ్ల ఊపిరి మైకును కొట్టకుండా అడ్డం పెట్టడానికి ఆమె పాత నైలాన్ చీర ముక్క అడిగి, కుట్టుచట్రానికి బిగించుకున్నాడు. ప్రతిదానికీ ఆమె "ఏందోరా నీ పిచ్చి" అని సణిగింది, సణుగుతూనే ఇచ్చింది. చివరికి ఒకరోజు చప్పట్లు కొడితే ఆ చప్పుడు అరచేతుల్లోనే అణిగిపోయింది. ధనుంజయ ఆ సంతోషం పట్టలేక మరో పదిసార్లు కొట్టుకున్నాడు. చింతపండు వాసన మాత్రం ఎంత కడిగినా పోలేదు. పాడడానికి వచ్చినవాళ్లకు నోట్లో నీళ్లూరి, చరణానికీ చరణానికీ మధ్య గుటకలు రికార్డయ్యేవి.

పాడడానికి వచ్చినవాళ్లంటే ఎవరు? ఆటోకు మైకు కట్టుకుని ఉల్లిగడ్డలు అమ్మేవాళ్లు, ప్లాస్టిక్ బిందెలవాళ్లు. ఎదురుగా సెల్ రిపేరు అంగడి రాజమోహన్ రోజూ అడిగేవాడు, ఈ పూట ఉల్లిగడ్డల పాటా, బిందెల పాటా అని. నవ్వులాటకే అడిగేవాడు, ధనుంజయకు మాత్రం ముల్లు గుచ్చినట్టుండేది. అలాంటప్పుడు హైదరాబాదులో జానపద పాటల ఛానల్ ఒకటి నడిపేవాళ్లు ఫోనులో ఒక మాటన్నారు. మంచి గొంతు ఒక్కటి పట్టి పంపు, నచ్చితే మేమే మీ ఊరు వస్తాం, పాడినవాళ్లకు దారి చూపిస్తాం, నీ స్టూడియో పేరూ వేస్తాం అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి అతనికి అన్నం సయించలేదు. ఒక్క గొంతు దొరికితే చాలు, ఈ గది చూసి ఎవరూ నవ్వరు.

ఆ గొంతు చేజర్ల దారిలో దొరికింది. అంగళ్లకు సరుకు వేసి వస్తుంటే వరిమళ్ల గట్టు మీద పాట వినిపించింది. వ్యాను ఆపి చూస్తే గట్టు మీద ఎవరూ లేరు. రెండు మళ్ల అవతల ఆడవాళ్లు నాట్లు వేస్తున్నారు. అందులో ఒక పిల్ల పెదవులు కదులుతున్నాయి, పాట మాత్రం గట్టు మీద, గడ్డి మేసుకుంటూ వెనకబడ్డ దూడలాగా నిదానంగా వస్తోంది. మళ్లో ఉన్న రైతు అది చిన్ని అనే ఆ పిల్ల పాట అని చెప్పాడు. మాట్లాడే గొంతు ఆ పిల్లకు అందరికీలాగే నోట్లోనే ఉంటుంది, పాడే గొంతే కాస్త వెనక నడుస్తుంది. బస్సులో పోతే అది కూడా ఎక్కేదాకా కండక్టరు రైట్ చెప్పడు. అదొక వింతని ఎవరూ అనుకోరు. కొందరి నీడ ముందు పడుతుంది, కొందరిది వెనక పడుతుంది, అంతే గదా.

చెరువు పక్క కాలనీలో అవ్వ రోశమ్మ దగ్గర పెరిగింది చిన్ని. పనులున్నప్పుడు నాట్లకూ కలుపుకూ పోతారు, లేనప్పుడు చెరువులో చేపలు పడతారు. ధనుంజయ అక్కడికే పోయి, ఛానల్ వాళ్ల మాట చెప్పాడు. రోశమ్మ కాసేపు ఆలోచించి సరేనంది. తన పాట అంత దూరం పోతుందా అన్నా అని చిన్ని రెండుసార్లు అడిగింది. పోతుందని అతను మాటిచ్చాడు. ఇచ్చి, బయలుదేరబోతూ అన్నాడు.

"బుధవారం మధ్యాహ్నం రండి రోశమ్మా. ముందర గిరాకీ ఉంటాది, బస్తాలు అడ్డముంటాయి. వెనక సందులోకి రండి, దొడ్డి తలుపు తీసిపెడతా."

తడుముకోకుండా అన్నాడు. మధ్యాహ్నం గిరాకీ ఉండదనీ, బస్తాలు ఎప్పుడో లోపలికి పోయి ఉంటాయనీ అతనికి తెలియదా? చిన్నప్పటి నుంచి చూస్తున్నాడు. కాలనీవాళ్లు సరుకుకు వస్తే మెట్టు కిందే నిలబడతారు, చింతపండు గింజ తీయడానికి వస్తే సందులో నుంచి వస్తారు. ఇది ఇలా అని ఇంట్లో ఎవరూ అతనికి చెప్పింది లేదు. ఆ పసుపు గడప గుర్తొచ్చి, అమ్మ ఏమంటుందో అనుకున్నాడు. అనుకోవడమే, అడిగింది లేదు.

బుధవారం వాళ్లు చెప్పిన వేళకే వచ్చారు. సందు దాటి, స్నానాల గదీ బట్టల బండా దాటి, తడి మట్టిలో చెప్పులు చేత పట్టుకుని వచ్చారు. చిన్ని తలకు నూనె రాసుకుని, ఉన్నవాటిలో మంచి చుడీదార్ వేసుకుంది. ధనుంజయ ఆ పిల్ల చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, ఫ్యాను ఆపి, తలుపు సందున తువ్వాలు కుక్కి, పాడమని చెయ్యి ఊపాడు. చిన్ని కళ్లు మూసుకుని పాడింది.

అతని చెవిలో పడింది ఊపిరి. పెదవులు విడివడిన చప్పుడు. ఒక గుటక. లాప్‌టాప్ తెర మీద గీత చెరువు నీళ్లలాగా కదలకుండా పడుకుని ఉంది. వైరు మార్చాడు. మైకు మార్చాడు. లాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టాడు. చట్రాలు ఒక్కొక్కటీ జరిపాడు. ఇంకొంచెం గట్టిగా పాడమన్నాడు. చెమటకు చిన్ని మెడ తడిసిపోయింది.

"నేను సరిగ్గా పాడలేదా అన్నా?" అంది ఆ పిల్ల, తప్పంతా తనదే అయినట్టు.

అప్పుడే బజారులో నుంచి రాజమోహన్ కేక వేశాడు. "ధనుంజయా, మీ గడప ముందర పాట నిలబడి ఉండాది. ఎండన పడి. తలుపు తియ్యరాదా?"

ధనుంజయ షట్టర్ కింద నుంచి దూరి బయటికొచ్చాడు. నిజమే. కింది మెట్టు మీద, పసుపు తగలకుండా ఒదిగి నిలబడి, చిన్ని పాట సన్నగా వినిపిస్తోంది. పక్కంగడి హమాలీలు దానికి తగలకుండా బస్తాలతో పక్కకు తప్పుకుని పోతున్నారు. వెనక్కి తిరిగి షట్టర్ కింద నుంచి చూస్తే, అంగడి లోపలి తలుపు దగ్గర రోశమ్మ కనబడింది.

"అది పిలిచిన గడపే తొక్కుతాది నాయనా," అంది ఆమె. "దొడ్డిదోవన రాదు. దాని తల్లి గొంతూ ఇంతే."

ఇంకేముంది, చేయవలసింది చిన్న పని. హాల్లోకి పోయి గడియ తీసి, లోపలికి రామ్మా అనడమే. పోయాడు. హాల్లో మంచం మీద అమ్మ గోడవైపు తిరిగి కునుకు తీస్తోంది. గడియ మీద చెయ్యి వేశాడు. ఇప్పుడు తలుపు తీస్తే, ఆ పిల్లను ఏ దారిన తెచ్చాడో బజారంతటికీ తెలుస్తుంది. తీయకపోతే పాట రాదు. తీస్తే సిగ్గు, తీయకపోతే సిగ్గు. అతను చెయ్యి తీసేశాడు.

తీసేసి చేసిన పని ఇంకా హీనం. పొడుగాటి వైరు తగిలించి, మైకును షట్టర్ కింద నుంచి బయటికి తెచ్చి, స్టాండు రోడ్డు మీద పెట్టి, మెట్టు మీది పాటకు ఎదురుగా నిలబెట్టాడు. పాట లోపలికి రాకపోతే బయటే పట్టుకుందామనుకున్నాడు.

పాట ఆగిపోయింది. కోపం తెచ్చుకున్నట్టు కూడా లేదు. అన్నం తింటుంటే ఎవరో విస్తట్లోకి తేరిపార చూసినట్టు ఆగిపోయింది. టీ తాగేవాళ్లు గ్లాసులు దించారు. అవతలి వీధి పిండిమర చప్పుడు ఇక్కడికి వినిపించింది. షట్టర్ సందులో నుంచి చిన్ని చూసింది. రోడ్డు మీద మైకును చూసింది, మెట్టు మీద తన పాటను చూసింది. అవ్వ చెయ్యి పట్టుకుని, వచ్చిన సందులో నుంచే వెళ్లిపోయింది. పాట ఆ దారిన వెళ్లనంటూ మెట్టు మీదే ఉండిపోయింది.

ధనుంజయ షట్టర్ పూర్తిగా దించేసి స్టూడియోలో కూర్చున్నాడు. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం, తను కష్టపడి కట్టుకున్న నిశ్శబ్దం. అందులో తన చెవులు కాలుతున్న సంగతి తప్ప అతనికి ఇంకేమీ తెలియలేదు. సిగ్గు, ఒట్టి సిగ్గు.

ఆ తర్వాత జరిగింది బజారులో అందరూ చెప్పగా విన్నాడు. రాజమోహన్ తన అంగట్లో స్టూలు మీది పాత ఫోన్లు తీసి పక్కన పెట్టి, రోడ్డు దాటి వచ్చి, నిలబడి నిలబడి అలిసిపోయుంటావు లోపలికి రామ్మా అన్నాడట. పాట అతని వెంట అంగట్లోకి పోయిందట. తర్వాత అతను స్కూటర్ మీద బస్టాండుకు పోయి అవ్వనూ మనవరాలినీ తీసుకొచ్చి, టీ తాగించాడట. చిన్ని అక్కడే పాడింది. నెత్తిన ఫ్యాను కిర్రుమంటూనే ఉంది, బయట హారన్లు మోగుతూనే ఉన్నాయి, మధ్యలో ఎవడో వచ్చి చార్జరు అడిగాడు. గ్లాసు పగిలిన ఫోనులో పట్టిన ఆ పాట నాలుగు రోజులకల్లా ఆటోల్లోకీ, పెళ్లిపందిళ్లలోకీ, ఉదయగిరి బస్సుల్లోకీ ఎక్కింది.

ఛానల్ వాళ్లు అన్న మాట ప్రకారం వచ్చారు. కారు వచ్చి సెల్ అంగడి ముందు ఆగింది. స్టూడియో ఎక్కడ అని అడిగితే, రాజమోహన్ ఏ కపటమూ లేకుండా తన స్టూలు చూపించాడు. చిన్నిని పాడించడానికి హైదరాబాదు తీసుకుపోయారు. పాట కూడా ఎక్కి సర్దుకునేదాకా రాజమోహన్ కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. కాటా ముందు నుంచి అంతా చూస్తూనే ధనుంజయ పప్పు పోస్తూ పోయాడు. తూకం దాటిపోయింది శెట్టీ అని గిరాకీ మనిషే చెప్పాల్సి వచ్చింది.

ఇది జరిగాక ఒక మధ్యాహ్నం ఎదురంగట్లో ఆ పాట మోగుతుంటే, హాల్లో బియ్యంలో రాళ్లు ఏరుతున్న ఆదిలక్ష్మమ్మ చెయ్యి ఆగింది. అందరూ అంటున్న ఆ పిల్ల ఎవరని కొడుకును అడిగింది. ధనుంజయకు అమ్మ దగ్గర అబద్ధం రాదు. సందు సంగతి, గడియ సంగతి, రోడ్డు మీద మైకు సంగతి మొత్తం చెప్పేశాడు. చెప్పి, తిడుతుందనో, మంచిపనే చేశావంటుందనో చూశాడు. రెండింటిలో ఏదన్నా బాగుండేది.

"బొంతలకు అడిగినావు, మేకులకు అడిగినావు," అంది ఆమె. "ఈ మాట అడగలేదేరా?"

"నువ్వు వద్దంటావని."

ఆమె చేటలో బియ్యాన్ని వేళ్లతో సర్దింది. "ఏమో, అనేదాన్నేమో. నా నోట్లో నుంచి వచ్చుంటే ఆ పాపం నాదయ్యేది. నా పేరు పెట్టి నువ్వే అనేసినావు." మళ్లీ రాళ్లు ఏరుకుంటూ, తలెత్తకుండానే, పోయి ఆ పెద్దామెతో ఒక మాట చెప్పిరా అంది.

మర్నాడు ధనుంజయ అంగడి తెరవలేదు. చేజర్ల బస్సెక్కాడు. ఏమనాలో దారి పొడుగునా మనసులో కూడబలుక్కున్నాడు. ముందుగా అవ్వా అని పిలవాలి. తప్పు చేసినాను అనాలి. సాకులు చెప్పకూడదు.

కాలనీలో ఎండ మండిపోతోంది. రోశమ్మ వాకిట్లో కూర్చుని చిరిగిన వల అల్లుకుంటోంది. అతన్ని చూసి వల పక్కన పెట్టి లేచింది.

"శెట్టిగారబ్బాయా? లోపలికి రా నాయనా, ఎండ," అని తలుపు బార్లా తీసింది.

అతను వంగి లోపలికి పోయాడు. ఆమె చాప పరిచి, కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది. చిన్ని బాగుందనీ, నిన్ననే ఫోను చేసిందనీ చెప్పింది. ఆమె మాటలు అయ్యాక ధనుంజయ నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. ఏమీ వినబడలేదు. గొంతు సవరించుకుని మళ్లీ కదిపాడు. లోపల గొంతు ఉండవలసిన చోట ఖాళీగా, చల్లగా ఉంది.

రోశమ్మ అతని మొహం చూసింది. తర్వాత వాకిలి వైపు చూసింది. బయట, కంప పక్కన, ఆరేసిన వల నీడలో అతని గొంతు తల వంచుకుని నిలబడి ఉంది.

"నువ్వూ రా అయ్యా," అని ఆమె దాన్ని పిలిచింది. "నిన్నూ పిలిచినాను."

అది కదలలేదు. ధనుంజయకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రోశమ్మ వాకిట్లో పెట్టిన చిరిగిన వలను లోపలికి లాక్కుని, తలుపు తెరిచే ఉంచి, అతని ఎదురుగా కూర్చుంది.

"సిగ్గుపడతా ఉండాది," అంది. "పడనీ. వస్తాదిలే, కూచో నాయనా."