నాకూ ఒక ప్లేటు

"ఆమెకు వేరే ప్లేటెందుకమ్మా? పాప మిగిలిస్తది గదా!"

ఆర్డరు రాసుకుంటున్న అమ్మాయితో ఆ మాటన్నది నా భర్త గిరీష్. ఆ అమ్మాయి పెన్ను ఆపి నావైపు చూసింది. నేను నవ్వాను. ఐదేళ్ళుగా హోటళ్ళలో నా ఆర్డరు ఆ నవ్వే. మా పాప సంజన పుట్టినప్పటినుంచీ బయట నేను తిన్న ప్రతి దోసెకూ ఒక అంచు కొరికి ఉండేది. ప్రతి ఇడ్లీలోనూ ఒక చిన్న వేలు దిగి ఉండేది. వేడిగా మాత్రం ఏదీ ఉండేది కాదు.

చేవెళ్ళలో మాకు కిరాణా దుకాణం ఉంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళు మొయినాబాద్ దాకా వచ్చి ప్లాట్లు కొనడం మొదలుపెట్టాక, గిరీష్ దుకాణం నా మీద వదిలేసి ప్లాట్లు చూపించే పనిలో పడ్డాడు. పొద్దున వంట, పదింటికి గల్లా, మధ్యలో పాప బడి, సాయంత్రం పప్పుల పొట్లాలు. అయినా ఎవరైనా అడిగితే "మా ఆమె ఇంట్లనే ఉంటది" అంటాడు. ప్లాటు కొన్న జంట ఎవరో అజీజ్‌నగర్‌లో ఇటలీ హోటలు బాగుంటుందని చెప్పారట. అందుకే ఈ ఆదివారం మధ్యాహ్నం అందరం ఇక్కడ తేలాం.

మా అత్తమ్మ శకుంతలమ్మ సంచిలోంచి మామిడికాయ తొక్కు డబ్బా తీసి బల్లమీద పెట్టింది. "గుడ్డు కలుపుతరా ఇందుల?" అని మూడుసార్లు అడిగి, ఆ అమ్మాయితో ఒట్టు వేయించుకున్నంత పని చేసింది.

మూడు ప్లేట్లు వచ్చాయి. అత్తమ్మ పాస్తాలో తొక్కు కలిపి, "ఇప్పుడు జర తినబుద్ధయితున్నది" అంది. నేను సంజన మెడకు రుమాలు కట్టి, ఎప్పటిలాగే కాచుకుని కూర్చున్నాను.

ఇంట్లో రెండు ముద్దలకే పెదవులు బిగించే పిల్ల, ఒక పొడుగాటి పాస్తా కొస నోట్లో పెట్టుకుని సర్రున లోపలికి లాగింది. రెండో కొస ఎగిరి ముక్కుకు తగిలింది. కిలకిలా నవ్వి ఇంకొకటి లాగింది. తర్వాత ఇంకొకటి. ప్లేటు సగమైంది. "చాలు బిడ్డా, కడుపు నొస్తది" అన్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, కన్నబిడ్డ తింటుంటే నేను దిగులు పడ్డాను. సంజన చివరికి ప్లేటు కూడా నాకేసింది.

"అరె, అంత తిన్నది! నా బంగారు కొండ!" అని గిరీష్ మురిసిపోయాడు. ఆ తర్వాత నేను గుర్తొచ్చాను. "నువ్వు ఇంటికి పోయినంక ఇంత అన్నం వండుకో తియ్. ఎంతసేపు?"

ఆ 'వండుకో' దగ్గర నాకు ఒళ్ళు మండింది. ఆకలికి మండిందో, కోపానికి మండిందో తేల్చుకునే ఓపిక లేదు. చెయ్యెత్తి ఆ అమ్మాయిని పిలిచాను.

"నాకూ ఒకటి తే అమ్మా. వేడివేడిగ."

"ఇరవై నిమిషాలు పడ్తది మేడం."

"పట్టనీ."

గిరీష్ గడియారం చూశాడు. "మూడింటికి పార్టీ వస్తున్నరు, ప్లాటు చూడ."

"ఫోన్ చేసి జర ఆగమనుండ్రి. అందాక పాప మూతి కడిగి తీస్కరాండ్రి."

వెళ్ళాడు. పాప గౌను మొత్తం తడిపి, తన చొక్కా కూడా తడుపుకుని తిరిగొచ్చాడు. అప్పటికి నా ప్లేటు పొగలు కక్కుతూ నా ముందుంది.

నిజం చెప్పాలంటే అంత గొప్పగా ఏమీ లేదు. పుల్లగా, కొంచెం చప్పగా ఉంది. అయినా ఎవరూ ముట్టని అంచునుంచి మొదలుపెట్టి నింపాదిగా తిన్నాను. సగం ఉండగానే చాలనిపించింది. తిండి అయిపోయి కాక, కడుపు నిండి ఆపడం ఎంత బాగుంటుందో మరిచేపోయాను.

"ప్యాక్ చేయించు, పొద్దున నువ్వు తింటవు" అంది అత్తమ్మ.

"పొద్దున నేను వేడి ఉప్మా తింట అత్తమ్మా." ప్లేటు గిరీష్ ముందుకు జరిపాను. "మిగిలింది మీరు తినుండ్రి."

అత్తమ్మ చెయ్యి తొక్కు డబ్బామీదే ఆగిపోయింది. "పెండ్లాం ఎంగిలి మొగడు తింటడా ఏడనన్న?"

"ఆయన ఎంగిలి, పిల్ల ఎంగిలి నేను తింటలేనా? నాకేమన్న అయిందా?"

చేవెళ్ళ వాళ్ళెవరైనా ఉన్నారేమోనని గిరీష్ అటూ ఇటూ చూశాడు. కానీ గింజ పారేయడం చేతకాని దుకాణదారు ఆయన. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, అలవాటుగా నావైపు తిరిగాడు.

"ఉప్పు తక్కువైంది."

"వండినాయన లోపలున్నడు," అన్నాను, చేతులు కడుక్కోవడానికి లేస్తూ. "పోయి ఆయనకు చెప్పుండ్రి."